మంగళ, గురువారాల పది గంటల స్లాటు గారికి ఒక బహిరంగ విన్నపం

మహారాజశ్రీ మంగళ, గురువారాల ఉదయం పది గంటల స్లాటు గారి దివ్య సముఖమునకు,

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో గదుల పట్టికలు సర్దేవాళ్లం చేతులు కట్టుకుని రాసుకుంటున్న ఉత్తరం. ఉభయ కుశలోపరి. ఉభయ అన్నది మర్యాదకే. కుశలంగా ఉన్నది తమరొక్కరే, వారంలో మిగతా భాగం ఖాళీగా పడి ఉంది.

తమ వైభవం ఏమని చెప్పం! తమరు వేంచేశారని పార్కింగు చూస్తేనే తెలిసిపోతుంది. 11:20కి తమరు లేచి వెళ్లేదాకా బండి పెట్టే చోటు దొరకదు, గదీ దొరకదు. సాయంత్రం నాలుగయ్యేసరికి అదే భవనంలో ఏసీ, ట్యూబులైట్లు మాత్రం శ్రద్ధగా పాఠం వింటుంటాయి. బోర్డు సమావేశంలో మాత్రం 'గదులు చాలడం లేదు' అంటారు. అది అబద్ధమనీ అనలేం. తమ కొలువులో నిజంగానే చాలవు.

రాష్ట్రంవారి లెక్కల పుస్తకం తమరికి ఏ ప్రత్యేక హోదా ఇవ్వలేదు. తమరు గమనించినట్టు లేదు గనుక ఆ లెక్క ఇక్కడే విప్పుతాం. టైటిల్ 5 అనే రాష్ట్ర విద్యా నిబంధనల్లో దశాబ్దాల తరబడి నడిచిన సూత్రం ఇది. వారానికి 70 గంటలు: సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 8 నుంచి రాత్రి 10 దాకా. అందులో పెద్ద క్యాంపస్‌లో క్లాసు గది 53 గంటలు, చిన్న క్యాంపస్‌లో 48 గంటలు నడవాలి. నడిచినంతసేపూ కుర్చీల్లో 66 శాతం నిండాలి. కుర్చీకి 15 చదరపు అడుగులు. 53ని 0.66తో హెచ్చిస్తే ఒక్కో కుర్చీ వారానికి 34.98 'విద్యార్థి గంటలు' మోయాలని తేలుతుంది. ఒక విద్యార్థి వారంలో ఒక గంట కూర్చుంటే ఒక విద్యార్థి గంట. 15ని 34.98తో భాగిస్తే, వంద విద్యార్థి గంటలకు 42.9 చదరపు అడుగులు చాలని వస్తుంది. చిన్న క్యాంపస్‌కు అదే లెక్కన 47.3.

ఇప్పుడు 40 కుర్చీలు, 600 చదరపు అడుగులు ఉన్న మామూలు గదిని తీసుకోండి. అది వారానికి దాదాపు 1,400 విద్యార్థి గంటలు ఇవ్వాలి. మూడు యూనిట్ల, అంటే వారానికి మూడు గంటల, కోర్సుతో తమరు ఆ గదిలో కొలువు తీరి, ఒక్క కుర్చీ ఖాళీ లేకుండా నింపినా తమ వాటా 120. మూడింట రెండొంతులే నిండితే 80. అంటే ఆ గది తన లెక్క అప్పజెప్పాలంటే తమలాంటివారు పద్దెనిమిది మంది కావాలి. గంటన్నరకొక స్లాటు చొప్పున ఉదయం 8:30 నుంచి రాత్రి 9:50 దాకా తొమ్మిది స్లాట్లు పడతాయి. సోమ, బుధవారాల జతకు తొమ్మిది, మంగళ, గురువారాల జతకు తొమ్మిది. మొత్తం పద్దెనిమిది. ఒక్కటి ఎగ్గొట్టినా శుక్రవారం గడప తొక్కాల్సిందే. తమ తోబుట్టువుల్లో రాత్రి 8:30 స్లాటు అనే ఆయన ఒకరున్నారని తమరికి తెలుసా? ఆయన్ని చూసినవాళ్లు తక్కువ.

గదుల సామర్థ్యాన్ని విద్యార్థి గంటల భారంతో పోల్చితే వచ్చేదాన్ని కెపాసిటీ–లోడ్ నిష్పత్తి అంటారు. 100 శాతం దాటితే గదులు మిగులున్నట్టు. భవనాల కోసం రాష్ట్రం బాండ్లు అమ్మి తెచ్చే అప్పు డబ్బు (2016లో ఓటర్లు ఆమోదించిన ప్రాపొజిషన్ 51 అనే ప్రతిపాదన కింద కమ్యూనిటీ కాలేజీల వాటా 200 కోట్ల డాలర్లు, 2024లో ప్రాపొజిషన్ 2 కింద 150 కోట్లు) కోసం వరుసలో నిలబడితే ముందు ఈ నిష్పత్తే చూస్తారు. ఉదయం పదింటికి గది దొరక్క వసారాలో తచ్చాడే కాలేజీ కాగితం మీద మిగులు కాలేజీగా తేలడం ఇలాగే. స్థానిక బాండ్ల దారి వేరే ఉందనుకోండి. 2000లో ప్రాపొజిషన్ 39 వచ్చాక 55 శాతం ఓట్లు పడితే చాలు, కొత్త భవనం లేస్తుంది. దాన్ని కూడా పదింటికే నింపుతారు.

నిష్పత్తి తగ్గించడానికి ఇంకో విద్య ఉంది. అందులో పెంకు కూడా కదలదు. గదుల వర్గీకరణలో 110 అంటే తరగతి గది, 210 అంటే క్లాసు ల్యాబు, 350 అంటే సమావేశ మందిరం. తలుపు మీద 110 తీసి 350 రాస్తే తరగతి గదుల మిగులు మంచులా కరుగుతుంది. కరిగి ఆఫీసుల పద్దులోకి పారుతుంది, అది వేరే సంగతి.

ఇక తమ కొలువులో జరిగే పనులు కొన్ని మనవి చేయాలి. తమరు ఎలాగూ చూడరు.

మొదటిది, గడి తప్పడం. 8:30, 10:00, 11:30 అని గీసిపెట్టిన పట్టికలో ఒక సెక్షన్ (ఒక కోర్సుకు పెట్టే ఒక్కో క్లాసు) 9:15కి మొదలై 10:35కి ముగుస్తుంది. ఆ గదిలో 8:30 స్లాటు పోయింది, తమరూ పోయారు. ఒక్క క్లాసు రెండు స్లాట్లు మింగింది. నాలుగు యూనిట్ల గణితం పదింటికి మొదలై 11:50 దాకా సాగితే, 11:30 స్లాటు ఇరవై నిమిషాల కోసం బలి. ఇలాంటివి మూడు గదుల్లో పడితే మూడు స్లాట్లు మాయమైనట్టే. మందు తెలిసిందే: నాలుగైదు యూనిట్ల కోర్సులను వేరే గదుల్లో, రెండేసి గంటల గడిలో పెట్టాలి. ఆ గదులు అడిగితే ఏ విభాగమూ ఇవ్వదు. గది రాష్ట్రానిది, తాళం విభాగానిది.

రెండోది, శాతాల గారడీ. గదిలో 45 కుర్చీలు. సెక్షన్‌లో చేర్చుకునే విద్యార్థుల పరిమితి 35. విద్యార్థుల అధికారిక లెక్క తీసే సెన్సస్ రోజుకు, అంటే టర్మ్‌లో ఐదో వంతు గడిచేసరికి, మిగిలింది 28 మంది. డీన్ గారి నివేదికలో ఇది 80 శాతం నిండిన క్లాసు. గది లెక్కలో 62 శాతం. రెండూ నిజమే, హారం మార్చుకున్నారంతే. పరిమితులను ఎప్పుడో ఉద్యోగుల ఒప్పందాల్లోనో, రచనలు దిద్దే భారాన్ని బట్టో పెడతారు, గదులను ఎవరో వేరేవాళ్లు కడతారు. 30 మంది ఇంగ్లీషు క్లాసులకు 30 కుర్చీల గదులు లేనప్పుడు 45 కుర్చీల గది 66 శాతానికి ఎగబాకడమే గొప్ప.

మూడోది, దయ్యాల సెక్షన్లు. చేరేవాళ్లు లేక టర్మ్‌కు వారం ముందు రద్దయిన సెక్షన్ గది బుకింగ్‌లో మాత్రం బతికే ఉంటుంది. మొదటి ఎనిమిది వారాల కోర్సు ముగిసి వెళ్లిపోయాక రెండో ఎనిమిది వారాలు ఆ గది ఎవరిదీ కాదు. హైబ్రిడ్ క్లాసు మంగళవారం గదిలో, గురువారం ఇంట్లో. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం రెండు రోజులూ ఎర్రరంగే. ఇలాంటివి రెండు హైబ్రిడ్లను ఒకే గదిలో, ఒకటి మంగళవారానికి, మరొకటి గురువారానికి కూర్చోబెడితే ఒక గది మొత్తం తేలుతుంది. మా పట్టికలో అన్నింటికన్నా చవకైన కొత్త భవనం అదే.

ఇంకా ల్యాబుల దగ్గరికి రాలేదు. రాక తప్పదు, ఎందుకంటే తమ పేరు చెప్పి తిట్లు తినేది అవే. ల్యాబుకు సూత్రం వేరు: వారానికి 27.5 గంటలు, 85 శాతం సీట్లు. జీవశాస్త్రానికి సీటుకు 55 చదరపు అడుగులు, రసాయనశాస్త్రానికి 60, వ్యవసాయానికి 115, కార్లు విప్పే షాపుకు 200 దాకా. సగం వారం ఖాళీగా కనబడే ల్యాబును చూసి సలహాదారులు నోరు చప్పరిస్తారు. అయ్యా, ల్యాబు ఖాళీగా ఉండదు, తయారవుతుంటుంది. గాజు సామాను కడగాలి, ద్రావణాలు కలపాలి, వ్యర్థాలకు లేబుళ్లు అంటించి పక్కన పెట్టాలి. ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ 121 డిగ్రీల దగ్గర నిలిచేది పదిహేను నిమిషాలే అయినా, వేడెక్కడం, ఆవిరి వదలడం, చల్లారడం కలిపితే గంట దాటుతుంది. ఇదంతా చేసే టెక్నీషియన్ చాలాచోట్ల ఒక్కరే, ఆ మనిషి గంటలు ఏ సూత్రంలోనూ లేవు.

ల్యాబు అసలు హద్దు కుర్చీల్లో ఉండదు, సొరుగుల్లో ఉంటుంది. రసాయన ల్యాబులో 24 సీట్లు, సీటుకు నాలుగు సొరుగులు అనుకోండి. ఒక్కో సెక్షన్ విద్యార్థి తన సామాను ఒక సొరుగులో పెట్టి తాళం వేసుకుంటాడు. నాలుగు సెక్షన్లతో 96 సొరుగులూ సరి. శుక్రవారమంతా గది ఖాళీయే, ఐదో సెక్షన్‌కు మాత్రం బీకరు పెట్టుకునే చోటు లేదు. సూక్ష్మజీవశాస్త్రంలో సొరుగు స్థానంలో ఇంక్యుబేటర్ అర ఉంటుంది. మంగళవారం పూసిన ప్లేటు గురువారం చూడాలి గనుక ఆ రెండు రోజులూ ప్లేట్లే గది యజమానులు. ఆటో షాపులో ఇంజిన్ విప్పిన కారు లిఫ్టు మీద ఉన్నన్నాళ్లూ ఆ బే దానిదే. గది వాడుక పెంచాలంటే ఒక్కోసారి గోడ కట్టనక్కర్లేదు, ఉమ్మడి సామాను బండి ఒకటి కొంటే చాలు. కానీ బాండు డబ్బు గోడలకు దొరికినంత తేలిగ్గా బండికి దొరకదు.

పైగా ఖాళీ ల్యాబు ఖాళీ తరగతి గదికన్నా ఖరీదు. తరగతి గదిలో గాలి తిరిగి తిరిగి వస్తుంది. రసాయన ల్యాబులో చల్లబరిచిన గాలంతా పొగగూళ్ల (ఫ్యూమ్ హుడ్ల) గుండా ఆకాశానికి పోతుంది. ఎవరూ లేకపోయినా పోతూనే ఉంటుంది.

తమ మీద మాకు కోపమేమీ లేదు. పిల్లల్ని బడిలో దింపి, బస్సు పట్టుకుని, మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్లాల్సినవాళ్లకు తమరే దిక్కు. ఒక్కో కాలేజీ డిస్ట్రిక్టులో (కాలేజీలను నడిపే స్థానిక సంస్థలో) పూర్తి బోధనా భారంలో 67 శాతానికి మించకూడదనే చట్టం వల్ల రెండు మూడు కాలేజీల మధ్య ఫ్రీవే మీద తిరిగే పార్ట్‌టైమ్ అధ్యాపకులకూ తమరే ఆధారం. మా గొడవంతా తమ బదులు ఇంకొకరిని పంపే పద్ధతి మీద. శుక్రవారం మధ్యాహ్నం ఒంటరిగా ఒక సెక్షన్ పెడతారు. ఆ రోజు ట్యూటరింగ్ మూత, క్యాంటీన్ మూత, లైబ్రరీ సగం మూత. ఒక్క క్లాసు కోసం బస్సు టికెట్టు ఎవరు పెడతారు? సెక్షన్ రద్దవుతుంది. 'శుక్రవారానికి గిరాకీ లేదు' అని ఫైలులో రాసేస్తారు. శుక్ర, శనివారాల్లో ఒకే జట్టు విద్యార్థులకు మొత్తం ప్రోగ్రామ్ పెట్టి, ఆ రెండు రోజులూ సేవలన్నీ తెరిచి ఉంచితే ఆ ఫైలు తిరగరాయాల్సి వస్తుంది. ఒక్క సెక్షన్‌తో పరీక్షిస్తే ఫలితం ముందే తెలుసు.

కనుక మా కోరికలు చిన్నవి. ఐదో వారంలో ఒక మంగళవారం తమ కొలువుకు ఎవరైనా లెక్కల పుస్తకం పట్టుకుని వచ్చి తలలు లెక్కపెడితే అడ్డు చెప్పకండి. తలలతోపాటు కుర్చీలూ లెక్కపెట్టనివ్వండి. జాబితాలో 40 ఉంటాయి, గదిలో 31 ఉంటాయి, మిగతా తొమ్మిదీ సమావేశ మందిరానికి వలసపోయి ఉంటాయి. ఒకే గదిలో ఒకే వేళకు రెండు నంబర్లతో నమోదైన ఉమ్మడి సెక్షన్‌ను ఒక్కసారే లెక్కపెట్టమనండి, లేకపోతే 45 కుర్చీల్లో 52 మంది కూర్చున్నట్టు వస్తుంది. అదే లెక్క మధ్యాహ్నం రెండింటికీ, సాయంత్రం ఆరింటికీ తీయమనండి. ఆ వేళల్లో తమరు ఉండరు గనుక తమ పరువుకు ఢోకా లేదు.

ఇట్లు,
తమ తలుపు దగ్గర రోజూ నిలబడే
గదుల పట్టిక వాళ్లు

తా.క.: 11:50 దాకా సాగుతున్న ఆ గణితం క్లాసును ఇరవై నిమిషాలు ముందే ముగించమని మేం అడగలేం, కోర్సు గంటలు తగ్గిపోతాయి. 9:40కి మొదలెట్టమని కూడా దయచేసి తమరు సెలవివ్వకండి. అప్పుడు 8:30 స్లాటు పోతుంది.