కదలని పడవ గారికి ఒక లేఖ

అమెరికా నదుల మీది కాసినో పడవ గారికి,

నమస్కారం. పడవ అన్నందుకు కోపగించుకోకండి. కాగితాల మీద మీ పేరు అదే కదా.

1991 ఏప్రిల్ 1న అయోవా రాష్ట్రంలో మీరు మిసిసిపీ నది మీద తొలిసారి బయల్దేరారు. ముహూర్తం ఎవరు పెట్టారో గానీ ఏప్రిల్ ఫూల్ రోజు చూసి మరీ పెట్టారు. అప్పట్లో మీదెంత బుద్ధిమంతుల వాలకం! పందెం 5 డాలర్లు దాటకూడదు. ఒక విహారంలో ఒక మనిషి 200 డాలర్లకు మించి పోగొట్టుకోకూడదు. వ్యవసాయం దెబ్బతిని, ట్రాక్టర్ల ఫ్యాక్టరీలు మూతపడిన ఊళ్లకు నాలుగు డబ్బులొస్తాయన్నారు. జూదమేంటని గొణిగినవాళ్లకు "ఊళ్లో కాదండీ, ఏట్లో" అని నచ్చజెప్పారు.

ఏడాది తిరిగిందో లేదో, దక్షిణాన మిసిసిపీ రాష్ట్రం రారమ్మంది. అక్కడ పరిమితుల్లేవు, పడవ కదలాల్సిన పనీ లేదు. ఆ తొలిరోజు బయల్దేరిన మీ అక్కగారు డైమండ్ లేడీ 1992లోనే అయోవాలోని బెటెన్‌డార్ఫ్ రేవుకు టాటా చెప్పి మిసిసిపీ రాష్ట్రంలోని బిలాక్సీకి వెళ్లిపోయింది. అయోవాకు టెన్షన్ పట్టుకుంది. 1994లో తన పరిమితులూ ఎత్తేసింది. పన్ను రుచి మరిగిన ప్రభుత్వం అంతకన్నా ఏం చేస్తుంది లెండి.

మీకు విహారమంటే ఎందుకంత బద్ధకమో నాకు తర్వాత అర్థమైంది. పడవ కదిలితే కొత్త ఆటగాడు ఎక్కలేడు. రేవులోనే ఉంటే వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. అందుకే విహారం తప్పనిసరి అన్న లూసియానాలో కొందరు కెప్టెన్లకు ఎప్పుడు చూసినా గాలీ వానే కనిపించేవి. వాతావరణం బాగాలేదు, లంగరు ఎత్తం!

మిస్సోరీలో చేసిన పనికి మాత్రం దండం పెట్టాలి. ఒడ్డు పక్కన గొయ్యి తవ్వి, నీళ్లు నింపి, అందులో కూర్చుని "మేం నది మీదే ఉన్నాం" అన్నారు. 1997లో అక్కడి సుప్రీంకోర్టు కుదరదంది. 1998లో ఓటర్లు కుదురుతుందన్నారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అంటాం మేం. మీరు ఏరు దాటింది లేదు, రేవు వదిలింది లేదు, అయినా ఏటినే బోడి మల్లన్నను చేశారు.

2005లో కత్రీనా తుఫాను మిసిసిపీ రాష్ట్ర సముద్ర తీరంలో మీవాళ్లను ఎత్తి రోడ్డు అవతల పడేసింది. పుట్టి బుద్ధెరిగి మీరు అంత దూరం ప్రయాణం చేసి ఉండరు. కొన్ని వారాలకే అక్కడి చట్టం మారింది. తీరం నుంచి 800 అడుగుల లోపల నేల మీదే కట్టుకోవచ్చంది. లూసియానా 2018లో 1,200 అడుగులిచ్చింది. ఇప్పుడు హోటళ్లు, బఫేలు, పార్కింగ్ భవనాలు, అన్నీ గట్టి నేల మీదే. ఊళ్లో కాదు, ఏట్లో అన్న మాట ఏ ఏట్లో కలిసిందో.

మీ అక్కగారు డైమండ్ లేడీ కబురు తెలిసిందా? పని మానేశాక మెంఫిస్‌లో ఒక మూల పడి ఉండి, 2021లో మునిగిపోయింది. మరుసటి ఏడాది కరువుకు మిసిసిపీ నది అడుగంటితే బురదలోంచి బయటపడింది. ఆ ఫొటో చూశాను. ఒళ్లంతా తుప్పు, చుట్టూ చుక్క నీరు లేదు. అయినా చూడగానే పడవని తెలుస్తోందండీ.

ఇట్లు,
గోదావరి లాంచీలో కడుపు తిప్పినప్పటి నుంచి పడవంటే ఊగుతుందని నమ్ముతున్న ఒకడు