దిమ్మకు మాత్రం మట్టం కుదిరింది

వీధిలో మురుగు కాలువ కట్టాలంటే ముందుగా కావలసింది నల్ల గ్రానైటు పలక. సిమెంటు, కంకర తర్వాతి సంగతి. పలక మీద మంత్రిగారు, ఎంపీగారు, ఎమ్మెల్యేగారు, ఎమ్మెల్సీగారు వరసలో ఉండాలి. ఆ వరస తప్పితే ఇంజనీరుగారికి బదిలీ. కాలువ వాటం తప్పితే? ఏమీ కాదండి, ఆయ్.

వాటం (నీరు పారే వాలు) సంగతి గోదావరి డెల్టాలో పాలేరు కుర్రాడికైనా తెలుసు. నేలంతా బల్లపరుపు. 500 మీటర్లకు ఒక్క మీటరు పల్లం చాలనుకున్నా, 200 మీటర్ల వీధికి 40 సెంటీమీటర్లు కావాలి. అందుకే ముందు కాలువ కలిసే మురుగు కోడు, అంటే ఊరవతలి పెద్ద కాలువ, దగ్గర మట్టం చూసి, అక్కణ్ణుంచి ఎగువకు తవ్వుకు రావాలి. అయితే శంకుస్థాపన జరిగేది సెంటర్లో. షామియానా అక్కడ, కెమెరాలు అక్కడ, కొబ్బరికాయ అక్కడ. మరి గునపం ఇంకెక్కడ పడుతుంది? అక్కణ్ణుంచి వాటం ఇచ్చుకుంటూ దిగితే చివరికి కాలువ అడుగు కోడు కంటే కిందికి పోతుంది. అప్పుడు ఆ కొస లేపి సరిపెడతారు. నీళ్లు మధ్యలో నిలబడతాయి. ముసురు పట్టిందా, కోడే వీధిలోకి విచ్చేస్తుంది. పైగా పాత రోడ్డు గీకకుండా దాని మీదే మరో సీసీ పొర. ఇళ్లేమో గుమ్మాలతో సహా పల్లంలోకి.

ఇంతకీ డబ్బెవరిది? ఫ్లెక్సీ ప్రకారం ‘కృషి’ది. లెక్క ప్రకారం ఆర్నెల్లకోసారి మనం కట్టే ఆస్తిపన్నుది, ఆర్థిక సంఘం నిధులది. నియోజకవర్గ అభివృద్ధి కోసం ఎంపీగారికి ఏటా కేటాయించే 5 కోట్లూ వారి జేబులోవి కావు. ఆ నిధితో కట్టినదానికి పలక పెట్టాలని నిబంధనే ఉంది. పన్ను కట్టినవాడి పేరు చెక్కాలని మాత్రం ఎక్కడా లేదు.

పెత్తనం? కాకినాడ 2016 జనవరిలో తొలి 20 స్మార్ట్ సిటీల్లో చేరింది. రాష్ట్రం, కార్పొరేషన్ చెరిసగం వాటాతో కంపెనీ పెట్టాలి, స్మార్ట్ సిటీ పనుల వరకు కౌన్సిల్ అధికారాలు దానికి అప్పగిస్తే మంచిది అన్నది పథకం మార్గదర్శకాల్లోని మాటే. వీధి మనది, బోర్డు మీటింగు వారిది.

పోనీ తిట్టుకోవడానికి కార్పొరేటరైనా ఉండాలి కదా! ఐదేళ్లు తీరకముందే ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగం 243-యు అధికరణం చెబుతోంది. రాజమహేంద్రవరం పాలకవర్గం గడువు 2019లో తీరింది. 2021లో రాష్ట్రంలో చాలాచోట్ల మునిసిపల్ పోలింగ్ జరిగినా అక్కడ జరగలేదు. కాకినాడ పాలకవర్గం 2022లో దిగిపోయింది. ఆ తర్వాత ప్రత్యేకాధికారి పాలన. ఓటు ఆపినవాళ్లు పన్ను నోటీసు ఒక్క అర్ధ సంవత్సరమైనా ఆపారా? ఆలస్యమైతే వడ్డీ వేస్తారే, ఎన్నిక ఆలస్యమైతే ఎవరికి వేస్తారు వడ్డీ? సిగ్గుండాలి!

పలక నిలబెట్టే దిమ్మ మాత్రం పద్ధతిగా కట్టారు. రోడ్డుకు మూడడుగుల ఎత్తున, చుట్టూ టైల్సు. కోడు ఎంత ఎగదన్నినా పేర్లు తడవవు.