సవరణ: ప్లేటు ఫొటో ఒక్కటే చాలదు

పాత యంత్రాలను ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు సీరియల్ నంబర్ ప్లేటు ఫొటో అడగమని ఇంతకుముందు రాశాను. ఫొటో వస్తే అడ్వాన్స్ కట్టేయొచ్చని కొందరు అర్థం చేసుకున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పాత వేలం ప్రకటనలోంచి ఆ ఫొటో ఎవరైనా ఎత్తుకు రావచ్చు. యంత్రం నిజమైనదే, అమ్మేవాడిది మాత్రం కాదు.

అందుకే వీడియో కాల్ అడగండి. ప్లేటు దగ్గర మొదలుపెట్టి, కెమెరా ఆపకుండా ఛాసిస్ మీద చెక్కిన నంబరు దాకా చూపించమనండి. రెండూ అక్షరం తేడా లేకుండా కలవాలి. ఎక్స్‌కవేటర్, లోడర్ లాంటి వాటికి ఐఎస్ఓ 10261 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఆ నంబరులో అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉంటాయి. పాత మోడళ్లలో తక్కువ ఉండొచ్చు, అంతమాత్రాన మోసం అనుకోనక్కర్లేదు. తర్వాత చల్లగా ఉన్న ఇంజన్‌ను స్టార్ట్ చేయించి, యంత్రం మొత్తం ఎన్ని గంటలు నడిచిందో చూపించే అవర్ మీటర్ చూడండి. గంటలు తక్కువగా ఉన్నా పెడల్ రబ్బరు నున్నగా అరిగి, బకెట్ పిన్నులు వదులై ఆడుతుంటే ఆ మీటరును నేనైతే నమ్మను.

ఇన్‌వాయిస్ ఒకరి పేరుతో, బ్యాంకు ఖాతా ఇంకొకరి పేరుతో ఉంటే ఎంత మంచి బేరమైనా వదిలేయండి. ఖాతా మారిందని చివర్లో మెయిల్ వస్తే, మీ దగ్గర మొదటినుంచీ ఉన్న నంబరుకే ఫోన్ చేసి అడగండి, మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు.