హాల్లో ఉన్న ఒకే ఒక్క ప్లగ్గుగారికి

మహారాజశ్రీ ప్లగ్గుగారి సముఖమునకు,

అమ్మమ్మగారి మూడో మనవడు నమస్కరించి వ్రాయునది ఏమనగా. ఉభయకుశలోపరి.

హైదరాబాదులో మా ఫ్లాటులో తమరి జాతివాళ్ళు గదికి ఆరుగురున్నారు. మంచానికి అటొకరు, ఇటొకరు, అద్దం పక్కనొకరు, తలుపు చాటునొకరు, ఎందుకు పెట్టించామో ఎవరికీ గుర్తులేని చోట ఇద్దరు. పాపం, వాళ్ళ మొహం చూసే దిక్కు లేదు. తమరి దర్జా వేరు. పండగ నాలుగు రోజులూ తమరి ముందు నిలబడ్డంతసేపు మేమెవరం శివాలయంలో కూడా నిలబడలేదు.

తెలియనివాళ్ళకి తమరి చిరునామా చెప్పాలి. అమలాపురం దాటాక, కాలవ గట్టు దిగగానే పెంకుటిల్లు. ఆ ఇంటి హాలులో, క్యాలెండరు మేకుకి జానెడు కింద, చెక్క బోర్డు మీద తమరు. పక్కన నల్లటి గుండ్రటి స్విచ్చి. వేస్తే టక్కుమన్న చప్పుడు వీధి అరుగు దాకా వినిపిస్తుంది. తాతయ్య రేడియో కోసం పెట్టించారట. విజయవాడ కేంద్రం వార్తలు వినడానికి మూడు కన్నాలు చాలనుకున్నారాయన. ఆయన తప్పేముంది? ముందు ముందు మనిషికో రేడియో జేబులో ఉంటుందనీ, పొద్దుగూకేసరికి దానికి ఆకలేస్తుందనీ ఎవరు మాత్రం కలగన్నారు? వంటింట్లో ఇంకొకాయన ఉన్నాడు గానీ ఆయన మిక్సీకి అంకితం, అటువైపు పెద్దత్త ఎవర్నీ రానివ్వదు. పడగ్గదిలో ఆయన వైరు ఎలకలు కొరికేశాక మళ్ళీ కోలుకోలేదు.

ఈ సంక్రాంతికి మేం 19 మందిమి దిగాం. భోజనాల బంతిలో కూర్చుని లెక్కేశాను. ఫోన్లు 22, ల్యాప్‌టాపు 1, చేతి గడియారాలమని చెప్పుకు తిరిగేవి 4, చెవుల్లో పెట్టుకునే బుడిపెల డబ్బాలు 5, దోమల బ్యాటు 1. కన్నాలు మాత్రం తమరివే మూడు.

తమరి దర్శనానికి రావడం మాత్రం తేలికా? రైలు టికెట్లు ఒకప్పుడు 120 రోజుల ముందు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 60 రోజులకి దించారు. దానికి తగ్గట్టే వేళ్ళు లెక్కపెట్టుకుని, ఆ రోజు పొద్దున్నే మూడు ఫోన్లు ముందేసుకుని ముగ్గురం కూర్చున్నాం, ఎనిమిదెప్పుడవుతుందా అని. ఎనిమిదయింది. ఎనిమిదీ మూడు కూడా అయింది. చివరికి బావ కారులో వచ్చాం. ఈ కారు సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ముందు ఒక ఫిర్యాదు. తమరు పక్షపాతి. కాదనకండి.

మావయ్య కూతురికి మొన్న శ్రావణంలో పెళ్ళయింది. ఇది కొత్తల్లుడుగారికి మొదటి పండగ. గోదావరి జిల్లాల్లో కొత్తల్లుడంటే ఏమిటో తమరికి చెప్పక్కర్లేదు, ఆ గోడనుండి ఎంతమంది అల్లుళ్ళని చూశారో! ఆ రోజుల్లో మావగారు "బాబూ, ఏమన్నా పుచ్చుకున్నారాండీ?" అని అడిగేవారు. ఈసారి మా పెద్దమావయ్య గుమ్మంలో కాళ్ళు కడుక్కోవడానికి చెంబు అందిస్తూ అడిగిన మొదటి మాట: "బాబుగారూ, ఛార్జింగెంతుందండీ?" అరవై నాలుగుందని ఆయన మొహమాటపడ్డాడు. అరవై నాలుగే! మావయ్య గుండెలు బాదుకున్నంత పనిచేశాడు. అప్పటికి పదకొండు దగ్గర కొన ఊపిరితో ఉన్న నా ఫోనుని పీకి, తమరి మీద అల్లుడుగారి ఫోను పెట్టించాడు. ఆయన గడియారమూ, చెవి బుడిపెలూ వెండి పళ్ళెంలో పెట్టి వరసలో నిలబెట్టారు. నూరు నిండాక కూడా తియ్యలేదు. తీస్తే అల్లుడుగారేమనుకుంటారో అని.

తర్వాత బావ. పండగ మనకి గానీ అమెరికాలో ఆయన క్లయింటుకి కాదు. భోగి ముందురోజు సాయంత్రం ఆరింటి నుంచి ల్యాప్‌టాపు తమరికి తగిలించి, వెనకాల ఆరేసిన చీరలు కనిపించకుండా క్యాలెండరుకి ఆనుకుని మీటింగు. "కెన్ యూ హియర్ మీ" అని ఆయన అన్నప్పుడల్లా పెరట్లోంచి చిన్నమావయ్య "ఆఁ వినపడతాందండీ" అనేవాడు. పాపం తననే అడుగుతున్నారనుకుని.

ఇక అసలు ఘట్టం. తమరు కళ్ళారా చూసిందే, అయినా నా వైపు నుంచి కూడా వినండి.

అరిసెలు. బియ్యం ఒక పగలూ రాత్రీ నానాయి. తడి ఆరకుండా పిండి పట్టించాం. ఎప్పుడూ అమ్మమ్మే పెరట్లో కట్టెల పొయ్యి మీద పాకం పడుతుంది. ఈసారి పిన్ని పడతానంది. ఫోనులో ఒకావిడ చాలా బాగా చూపిస్తుందట. ఫోనేమో మూడు శాతం. వైరు మూరన్నర. పొయ్యేమో పెరట్లో. ఫోను పొయ్యి దగ్గరికి రాలేదు కాబట్టి పొయ్యే ఫోను దగ్గరికి రావాలని పిన్ని తేల్చింది. కొత్తల్లుడికి కాఫీలు చురుగ్గా అందాలని కొన్న ఇండక్షన్ పొయ్యి హాల్లోకొచ్చింది. ఫోనూ, పొయ్యీ రెండూ తగిలేలా తమరి నోట్లో ఒక మూడు నోళ్ళ పిన్ను కుక్కారు.

అమ్మమ్మ తమరి కిందే ఉన్న తన కుర్చీలో కూర్చుని వత్తులు చేసుకుంటోంది. బెల్లం కరిగింది, పొంగింది. "చాలే, నీళ్ళలో వేసి చూడు, ఉండకట్టేస్తుంది" అంది అమ్మమ్మ. "ఉండమ్మా, ఆవిడ ఇంకా చెప్పలేదు" అంది పిన్ని. ఆవిడ సరిగ్గా చెప్పబోతుండగా ఏదో అప్పులిచ్చే యాప్ ప్రకటన వచ్చింది. అయిదు సెకన్లు ఆగమంది. అయిదు సెకన్లలో పాకం ఏమవుతుందో అరిసెలు వండినవాళ్ళకి తెలుసు. కంగారులో పిన్ని పొయ్యి వేడి తగ్గించబోయి పెంచేసింది.

తమరి నుదుట 5 అని చెక్కి ఉంది, అంటే 5 ఆంపియర్లు. 230 వోల్టులతో గుణిస్తే 1150 వాట్లు. పొయ్యి అడుగున 2000 అని రాసి ఉంది. ఈ గుణకారం ఇంట్లో ఉన్న ముగ్గురు ఇంజనీర్లలో ఒక్కడికీ అప్పుడు తట్టలేదు. నేనూ అందులో ఒకణ్ణి. ఠప్పుమంది. మీటరు దగ్గర పింగాణీ ఫ్యూజు మాడిన వాసన, తమరి మూతి దగ్గర చిన్న నల్లమచ్చ.

ఇలాంటి చోట, కరెంటు పోయాక అందరం అరుగు మీద చేరి వెన్నెల్లో కబుర్లు చెప్పుకున్నామని రాయాలి, ఆనవాయితీ. అబద్ధమెందుకు? తొమ్మిదిమంది వెళ్ళి బావ కారులో కూర్చున్నారు. అయిదుగురు పట్టే కారు. ఇంజను ఆన్‌లో పెట్టి, వైర్లు ఒకరి మీంచి ఒకరికి లాగి, అద్దాలెత్తుకుని, కదలని కారులో గంటంపావు. పెద్దమావయ్య చేతి లైటు పళ్ళతో పట్టుకుని ఫ్యూజుకి రాగి తీగ చుట్టేదాకా అదే మా సత్రం. లోపల హాల్లో పిన్ని పాకం గిన్నెకే అంటుకుని, గరిటె పట్టి లేపితే గిన్నె కూడా లేచేది. అమ్మమ్మ ఒక్క మాటనలేదు. పెరట్లోకి వెళ్ళి, వేరే బెల్లం కొట్టి, చీకట్లోనే పాకం పట్టేసింది. అరిసెల చెక్కల మధ్య నూనె వొత్తుతుంటే కారులోంచి వాసనకి ఒక్కొక్కడే దిగాడు.

మర్నాడు తమరు మసిమూతితోనే కొలువు తీరారు. సాయంత్రం భోగిపళ్ళు. డల్లాసులో ఉన్న అన్నయ్య కూతురికి మొదటి భోగిపళ్ళు, ఇక్కడ ఆరున్నర, అక్కడ పొద్దున్న ఏడు. వీడియో కాల్ మధ్యలో ఫోను పడుకుంటుందని భయపడి పీట తమరి కిందే వేశాం. పీట మీద ఫోను, ఫోనులో నిద్రమొహంతో పాప. అమ్మమ్మ రేగుపళ్ళు, బంతిరేకులు, చిల్లర గుప్పిట్లో పట్టి మూడుసార్లు తిప్పి ఫోను మీదే పోసింది. ఓ రేగుపండు వెళ్ళి సరిగ్గా ఎర్ర గుండ్రం మీద పడి కాల్ కట్టయింది. "దిష్టి పోయిందిలే" అంది అమ్మమ్మ.

కనుమనాడు జగ్గన్నతోట. పదకొండు ఊళ్ళ రుద్రులు, వెదురూ రంగుగుడ్డలతో కట్టిన ప్రభలెక్కి వచ్చే తీర్థం. 2023 రిపబ్లిక్ డేకి ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ కవాతులోనూ నడిచింది. దానికోసం తెల్లవారుజామున మూడింటికే తమరి దగ్గర వరస మొదలైంది. గంగలకుర్రు ప్రభని భుజాలమీద ఎత్తి కౌశిక ఏట్లో దింపుతున్నప్పుడు తీర్థంలో ప్రభలు పదకొండు, మావాళ్ళెత్తిన ఫోన్లు పదమూడు. ఆ రాత్రి ఇంటి గ్రూపులో ఒకే వీడియో పదమూడుసార్లు పడింది. ఒకదాంట్లో మాత్రం ప్రభకి బదులు చిన్నమావయ్య తలకాయ ఉంది.

ఇంకొక్క మాట. తమరి కన్నాలు వదులు. ఛార్జరుని చేత్తో పట్టుకుంటే గానీ ఎక్కదు, వదిలితే ఆగిపోతుంది. అందువల్ల ఫోను పెట్టినవాడు అక్కడే, అమ్మమ్మ కుర్చీ పక్కన, నేలమీద కూర్చోవాలి. ఒక చెయ్యి తమరికి. రెండో చెయ్యి ఖాళీగా ఉందని అమ్మమ్మ తన కాలు దాని మీద పెడుతుంది. నిమిషానికి ఒక శాతం చొప్పున, పన్నెండు నుంచి అరవై దాకా నొక్కాను. జీతమెంత, రాత్రి ఎన్నింటికి తింటున్నావు, ఆ పిల్ల మళ్ళీ ఫోన్ చేసిందా. ఎవరికీ చెప్పనివన్నీ నలభై ఎనిమిది శాతంలో కక్కేశాను. నా తర్వాత బావ కూర్చున్నాడు. ఆయన తర్వాత, మావయ్య వద్దంటున్నా, కొత్తల్లుడుగారు.

మావయ్యకి ఇది నామోషీగా ఉంది. ఎలక్ట్రీషియన్ని పిలిచి హాలంతా ప్లగ్గులు పెట్టించేద్దామని మూడేళ్ళుగా అంటున్నాడు. అమ్మమ్మ ఏటా "పండగెళ్ళనీరా" అంటుంది. ఈసారి ఉండబట్టలేక అమలాపురం వెళ్ళి పది కన్నాల ఎక్స్‌టెన్షన్ బాక్సొకటి కొనుక్కొచ్చాడు. భోగినాటి పొద్దున్న నుంచి అది కనపడలేదు. ఇల్లంతా వెతికాం. మంటలో వేసేశారేమోనని చిన్నమావయ్య భోగిమంట బూడిద కూడా కర్రతో కెలికి చూశాడు.

బయల్దేరే రోజు అమ్మమ్మ నన్ను పిలిచి కొత్తబియ్యం సంచిలో పోసుకోమంది. డ్రమ్ములోకి వొంగి సోలతో తోడుతున్నాను. నాలుగో సోలకి ఏదో గట్టిగా తగిలింది. వైరు బుద్ధిగా చుట్టి ఉంది, అట్టపెట్టె మీద ధర చీటీ కూడా చెక్కుచెదరలేదు. మావయ్య గుమ్మంలో నిలబడి "ఏరా, నిండిందా?" అన్నాడు. మళ్ళీ పైన రెండు సోలల బియ్యం కప్పి, "ఆఁ, నిండింది" అన్నాను.

తమరూ నోరు మెదపకండి.

ఇట్లు,
ప్రస్తుతం 8 శాతంలో ఉన్న
తమ విధేయుడు