బైడెన్ కేబినెట్‌లో మన చూపు ఏ కుర్చీ మీద ఉండాలి?

ఇది 2020 నవంబర్. జో బైడెన్ గెలిచారని అమెరికా మీడియా ప్రకటించి పది రోజులు దాటింది. 306 ఎలక్టోరల్ ఓట్లు ఆయన ఖాతాలో పడ్డాయి. ట్రంప్ ఇంకా ఓటమి ఒప్పుకోలేదు. అధికార బదిలీకి పచ్చజెండా ఊపాల్సిన ప్రభుత్వ సంస్థ జీఎస్‌ఏ సంతకం పెట్టలేదు. ఆ గొడవ ఎలా తేలినా జనవరి 20 మధ్యాహ్నం ప్రమాణ స్వీకారం ఆగదు. కాబట్టి ఇప్పుడు అసలు ప్రశ్న ఒక్కటే: కేబినెట్‌లోకి ఎవరు?

మన వాట్సాప్ గ్రూపుల్లో, టీవీ చర్చల్లో ఆ ప్రశ్న మరో రూపంలో వినిపిస్తోంది. మనవాళ్లు ఎంతమంది? కరోనా సలహా బృందానికి డాక్టర్ వివేక్ మూర్తి కో-ఛైర్మన్ అయిన రోజు నుంచి ఇదే లెక్క. ఆయన ఆరోగ్య శాఖకు వెళ్తారట, అరుణ్ మజుందార్‌కు ఇంధన శాఖ ఇస్తారట, కమలా హ్యారిస్ ఎలాగూ ఉన్నారు, మొత్తం ముగ్గురు. వాళ్లు పైకి వస్తే నాకూ సంతోషమే. కానీ అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల బతుకు ఆధారపడిన కుర్చీ వీటిలో ఏదీ కాదు. అది వలస దరఖాస్తులు తేల్చే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ. బైడెన్ మిగతా పేర్లకంటే ముందు ఆ శాఖ పేరే ప్రకటించాలి. ఆ పేరు ఒబామా హయాంలో అదే శాఖలో పనిచేసిన అలెహాండ్రో మయోర్కాస్ కావాలి.

మిగతా పెద్ద శాఖల గురించి నా అభిప్రాయం త్వరగా చెప్పేస్తాను. విదేశాంగానికి ఆంటోనీ బ్లింకెన్ సరైన మనిషి. ఒబామా హయాంలో అదే శాఖలో డిప్యూటీగా చేశారు, బైడెన్ మనసు తెలిసినవారు. సుసాన్ రైస్ సమర్థురాలే, కానీ ఆమె పేరు పంపితే బెంఘాజీ గొడవ (2012లో లిబియాలో అమెరికా కార్యాలయంపై దాడి గురించి ఆమె చెప్పిన మాటలపై రేగినది) మళ్లీ మొదటికొస్తుంది, మంత్రులను ఆమోదించాల్సిన సెనేట్‌లో నెలలు పోతాయి. రక్షణ శాఖకు మిషెల్ ఫ్లోర్నాయ్, న్యాయ శాఖకు శాలీ యేట్స్ రావాలని కోరుకుంటాను. ట్రంప్ ట్రావెల్ బ్యాన్‌ను కోర్టులో సమర్థించనని చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్న అధికారి యేట్స్. ఆర్థిక శాఖకు జానెట్ యెలెన్. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌ను నాలుగేళ్లు నడిపిన మనిషికి ఈ సంక్షోభంలో కొత్తగా నేర్పాల్సింది ఏమీ ఉండదు. 1789 నుంచి ఉన్న ఆ శాఖకు ఇప్పటిదాకా ఒక్క మహిళా మంత్రి లేరు.

ఎలిజబెత్ వారెన్, బెర్నీ శాండర్స్ లాంటివాళ్లు కేబినెట్‌లో లేకపోతే తమ ఓటుకు విలువేముందని పార్టీలోని వామపక్షం అడుగుతోంది. అడిగే హక్కు వాళ్లకుంది. కానీ సెనేట్ లెక్క చూడండి. రిపబ్లికన్లు 50, డెమొక్రాట్ల వైపు 48. జనవరి 5న జార్జియాలో రెండు సీట్లకు మళ్లీ పోలింగ్. రెండూ గెలిస్తేనే 50-50, అప్పుడు ఉపాధ్యక్షురాలిగా కమలా హ్యారిస్ వేసే ఓటుతో గట్టెక్కాలి. వారెన్, శాండర్స్ ఇద్దరూ సెనేటర్లే. వాళ్లు మంత్రులైతే ఖాళీ అయ్యే సీటును తాత్కాలికంగా నింపేది వాళ్ల రాష్ట్ర గవర్నర్. వారెన్ రాష్ట్రం మసాచుసెట్స్‌లో గవర్నర్ రిపబ్లికన్. శాండర్స్ రాష్ట్రం వెర్మాంట్‌లోనూ అంతే. చేతిలో ఉన్న సీటు వదులుకునే స్థితిలో ఆ పార్టీ లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను.

హోంల్యాండ్ సెక్యూరిటీ అంటే మనకు ఎయిర్‌పోర్టులో తనిఖీలు, సరిహద్దు గోడ గుర్తొస్తాయి. 2001 దాడుల తర్వాత 22 సంస్థలను కలిపి పెట్టిన భారీ శాఖ అది. అందులో వలస దరఖాస్తులు చూసే విభాగం యూఎస్‌సీఐఎస్. హెచ్1బీ పిటిషన్, ఎక్స్‌టెన్షన్, భార్యకు హెచ్4 ఈఏడీ (పని అనుమతి), ఐ-140 (గ్రీన్‌కార్డుకు కంపెనీ పెట్టే పిటిషన్), గ్రీన్‌కార్డు దరఖాస్తు అన్నీ ఆ గుమ్మం దాటాల్సిందే. చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, వీసా వచ్చాక 108 తిరిగిన పిల్లల జీవితం ఆ తర్వాత పదీ పదిహేనేళ్లు ఈ విభాగం చేతిలోనే ఉంటుంది. 

2019 ఏప్రిల్‌లో కిర్‌స్టెన్ నీల్సన్ రాజీనామా చేశారు. అప్పటి నుంచి ఈ శాఖకు సెనేట్ ఆమోదించిన మంత్రే లేరు. ముందు కెవిన్ మెక్‌అలీనన్, తర్వాత చాడ్ వుల్ఫ్, ఇద్దరూ యాక్టింగ్, అంటే సెనేట్ ఆమోదం లేని తాత్కాలిక మంత్రులు. యాక్టింగ్ వాళ్లతో తనకు సౌకర్యంగా ఉంటుందని ట్రంప్ బహిరంగంగానే చెప్పారు. వుల్ఫ్ నియామకం చట్టప్రకారం జరగలేదని ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ఆగస్టులో తేల్చింది. ఈ నెల 14న న్యూయార్క్ ఫెడరల్ జడ్జి ఒకరు అదే మాట చెప్పి, డాకా (చిన్నప్పుడే కాగితాలు లేకుండా అమెరికా వచ్చినవాళ్లను వెనక్కి పంపకుండా కాపాడే పథకం) పిల్లలపై వుల్ఫ్ ఇచ్చిన ఆదేశం చెల్లదన్నారు. రెండు లక్షల పైచిలుకు ఉద్యోగులున్న శాఖలో పై సంతకానికే చట్టబద్ధత లేని పరిస్థితి ఇది.

ఈ కుర్చీకి ఎంత శక్తి ఉందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2004 నుంచి ఒక పద్ధతి ఉండేది. అదే కంపెనీ, అదే ఉద్యోగం, అదే హోదాతో హెచ్1బీ ఎక్స్‌టెన్షన్‌కు వెళ్తే, ముందు ఇచ్చిన ఆమోదానికి అధికారి విలువ ఇవ్వాలి. గట్టి కారణం ఉంటేనే కాదనాలి. 2017 అక్టోబర్‌లో ఒక మెమోతో దాన్ని ఎత్తేశారు. కాంగ్రెస్ చట్టం చేయలేదు, ఓటింగ్ జరగలేదు. కొన్ని పేజీల కాగితం, అంతే. ఆ రోజు నుంచి ప్రతి ఎక్స్‌టెన్షనూ కొత్త దరఖాస్తు కిందే లెక్క. ఎనిమిదేళ్లుగా అదే సీట్లో పనిచేస్తున్న ఇంజనీరుకు "మీ ఉద్యోగానికి డిగ్రీ అవసరమని నిరూపించండి" అంటూ ఆర్‌ఎఫ్‌ఈ, అంటే మరిన్ని ఆధారాలు అడిగే నోటీసు, వస్తోంది. కొత్త ఉద్యోగాలకు పెట్టిన హెచ్1బీ దరఖాస్తుల్లో 2015లో తిరస్కరణ 6 శాతం ఉండగా 2018కి 24 శాతమైంది. ప్రతి నలుగురిలో ఒకరు.

ఆ టెన్షన్ ఎలాంటిదో ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కుని వాయిదాలు కడుతున్నవాళ్లను అడగండి. వీసా స్టాంపింగ్‌లో ఇరుక్కుంటామేమోనని ఇండియాకు రావడం మానుకున్నవాళ్లను అడగండి. ఈ ఏడాది జూన్ 22 ప్రకటనతో హెచ్1బీ మీద కొత్తగా దేశంలోకి రావడం డిసెంబర్ 31 దాకా ఆగిపోయింది. కాన్సులేట్లు మూతపడ్డాయి. తండ్రి చివరి చూపు వీడియో కాల్‌లో దక్కించుకున్నవాళ్లు గుంటూరులో ఉన్నారు, కరీంనగర్‌లో ఉన్నారు, ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలోనూ ఉంటారు.

ట్రంప్ నాలుగేళ్లలో మనవాళ్లు పైన లేరా? ఉన్నారు. నిక్కీ హేలీ కేబినెట్ హోదాతో ఐక్యరాజ్యసమితిలో రాయబారి. భారతీయ మూలాలున్నవారికి ఆ హోదా దక్కడం అదే మొదటిసారి. మెడికేర్, మెడికెయిడ్ నడిపింది సీమా వర్మ. టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి ఛైర్మన్ అజిత్ పాయ్. వాళ్ల ఫొటోలు మన పత్రికల మొదటి పేజీల్లో వేసుకున్నాం. అదే సమయంలో తిరస్కరణలు నాలుగు రెట్లయ్యాయి. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు, ఆ ఫైలు వాళ్ల బల్ల మీదకు వెళ్లదు. అది ఏ బల్ల మీదకు వెళ్తుందో చూడకుండా పేర్లు లెక్కపెడితే మనకు మిగిలేది ఫొటోలే.

మయోర్కాస్ ఎందుకంటే, ఆ బల్ల దగ్గర కూర్చుని పనిచేసిన మనిషి ఆయన. 2009 నుంచి 2013 దాకా యూఎస్‌సీఐఎస్ డైరెక్టర్. ఆ తర్వాత 2016 వరకు హోంల్యాండ్ సెక్యూరిటీ డిప్యూటీ మంత్రి. 2012లో డాకా అమలు చేసింది ఆయన నడిపిన విభాగమే. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నవాళ్ల భార్యలకు, భర్తలకు పనిచేసే హక్కు ఇచ్చిన హెచ్4 ఈఏడీ నిబంధన 2015లో వచ్చినప్పుడు శాఖలో రెండో స్థానంలో ఉన్నది ఆయనే. హవానాలో పుట్టి, పసిబిడ్డగా ఉండగానే తల్లిదండ్రులతో క్యూబా విడిచి వచ్చిన శరణార్థి. దరఖాస్తు ఫారానికి అటు వైపు నిలబడ్డ కుటుంబం ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పటిదాకా ఈ శాఖకు వలస వచ్చిన మనిషి మంత్రి కాలేదు.

ఆయన మీద మచ్చ ఉంది, దాచను. ఈబీ-5 పెట్టుబడి వీసాల్లో కొందరు పలుకుబడి ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా సాయపడినట్టు కనిపించేలా వ్యవహరించారని శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2015లో నివేదిక ఇచ్చారు. 2013లో డిప్యూటీ పదవికి సెనేట్ 54-41తో ఆమోదించినప్పుడు ఒక్క రిపబ్లికన్ ఓటూ పడలేదు. ఇప్పుడూ అదే తవ్వుతారు. తవ్వనివ్వండి. కమిటీ ముందు కూర్చుని, టీవీ కెమెరాల ఎదుట సమాధానం చెప్పనివ్వండి. దాటి వస్తే ఆయన సంతకాన్ని ఏ జడ్జీ నియామకం పేరుతో కొట్టేయలేరు. ఈ శాఖకు ఇప్పుడు కావాల్సింది అలాంటి సంతకమే.

కార్మిక శాఖ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే హెచ్1బీలో సగం తాళం అక్కడే ఉంది. అక్టోబర్ 8న ఆ శాఖ రాత్రికి రాత్రే కనీస వేతన స్థాయిలు పెంచేసింది. మొదటి స్థాయి వేతనం ఇదివరకు ఆ వృత్తిలో 17వ పర్సంటైల్ (వందమందిలో కింది నుంచి 17వ మనిషి జీతం) దగ్గర ఉండేది, దాన్ని 45కు తీసుకెళ్లింది. జనాభిప్రాయం అడగలేదు. వేతనం పెరగడం తప్పని నేను అనను. మన పిల్లలను బెంచ్ మీద కూర్చోబెట్టి, తక్కువ జీతంతో ప్రాజెక్టుల మీద తిప్పే కన్సల్టెన్సీలకు ముకుతాడు పడాల్సిందే. కానీ నిన్న అర్హుడైన మనిషి ఈ రోజు అనర్హుడు ఎలా అవుతాడు? శాండర్స్‌కు ఈ శాఖ ఇవ్వాలని ఉత్సాహపడుతున్న మన యువకులు ఒకటి తెలుసుకోవాలి. హెచ్1బీ మీద ఆయన విమర్శ ఇవాళ్టిది కాదు, ఏళ్ల నాటిది. అమెరికా కార్మికుల వేతనాలు తగ్గించడానికి కంపెనీలు ఈ వీసాను వాడుకుంటున్నాయన్నది ఆయన వాదన. ఆయన నిజాయితీపరుడు, అందుకే ఆ మాట మీద నిలబడతారు. 

పేర్ల లెక్క అలవాటు మనకు ఇంటి దగ్గరే వచ్చింది. 2019 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ కేబినెట్ ఏర్పడినప్పుడు ఐదుగురు ఉప ముఖ్యమంత్రులు: ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, కాపు వర్గాలకు ఒక్కొక్కరు. తెలంగాణలో 2014 నుంచి 2018 దాకా కేబినెట్‌లో ఒక్క మహిళ లేరు, 2019 సెప్టెంబర్‌లో గానీ ఆ లోటు తీరలేదు. కాబట్టి లెక్కపెట్టడం అనవసరమని నేను అనడం లేదు. లెక్కపెట్టకపోతే అలాంటి ఖాళీలు ఎవరికీ కనబడవు. నా బాధ ఏమిటంటే, మన దగ్గర ఆ లెక్కతోనే చర్చ అయిపోతుంది. ఏ జిల్లా, ఏ కులం, ఎవరి వర్గం అని పత్రికలు పట్టికలు వేస్తాయి. ప్రమాణం ముందు జరుగుతుంది, శాఖలు తర్వాత చెబుతారు. నీటిపారుదల మంత్రి కాబోయే మనిషిని ఏ కాలువ ఎక్కడ ఆగిందో అడిగే కమిటీ మన చట్టసభల్లో లేదు. వైద్య శాఖ తీసుకునే మనిషిని జిల్లా ఆసుపత్రిలో ఎన్ని డాక్టర్ పోస్టులు ఖాళీ ఉన్నాయో ముందుగా అడిగేవారు లేరు.

అమెరికా సెనేట్ పద్ధతిలో పార్టీ కక్షలు లేవని కాదు. ఓటింగ్‌లో ఓడిపోయిన చివరి కేబినెట్ నామినీ జాన్ టవర్, అదీ 1989లో. తర్వాత ఎవరూ ఓడలేదు. అయినా ఆస్తుల వివరాలు ఇవ్వాలి, ఎఫ్‌బీఐ పరిశీలన దాటాలి, గంటల తరబడి ప్రశ్నలకు జవాబివ్వాలి. చెప్పిన ప్రతి మాటా రికార్డులో ఉంటుంది. రేపు మాట తప్పితే చూపించడానికి ఆధారం ఉంటుంది. మన అసెంబ్లీల్లో ఈ పద్ధతి ఎందుకు ఉండకూడదని నేను చాలాకాలంగా అడుగుతున్నాను. ముఖ్యమంత్రి ఇష్టానికి అడ్డు పడక్కర్లేదు, ఓటింగ్ అక్కర్లేదు. శాఖ ఇచ్చిన నెలలోపు సంబంధిత కమిటీ ముందు ఒక్క రోజు కూర్చోబెట్టి, ప్రజలు చూస్తుండగా అడగండి చాలు.

ఈలోగా అమెరికాలోని తెలుగు సంఘాలు చేయాల్సిన పని ఒకటుంది. దీపావళి శుభాకాంక్షల లేఖలతో పాటు సెనేట్ హోంల్యాండ్ సెక్యూరిటీ కమిటీ సభ్యులకు మూడు ప్రశ్నలు రాసి పంపాలి. 2017 మెమో రద్దు చేసి ఎక్స్‌టెన్షన్లకు పాత విలువ తిరిగి ఇస్తారా? హెచ్4 ఈఏడీ తీసేయాలన్న ప్రతిపాదనను పూర్తిగా ఉపసంహరిస్తారా? 21 ఏళ్లు నిండగానే తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోతున్న పిల్లల కోసం శాఖ తన పరిధిలో ఏం చేస్తుంది? దేశానికి 7 శాతం అన్న గ్రీన్‌కార్డు పరిమితి మార్చడం కాంగ్రెస్ పని, దాన్ని మంత్రి మీద రుద్దలేం. మొదటి రెండూ మాత్రం కొత్త చట్టం లేకుండా శాఖ స్థాయిలోనే చేయదగ్గవి.

ఇంకో నిబంధన తలుపు దగ్గరే ఉంది. ఏ ఉద్యోగం హెచ్1బీకి అర్హమో చెప్పే నిర్వచనాన్ని బిగిస్తూ హోంల్యాండ్ సెక్యూరిటీ అక్టోబర్‌లో ఇచ్చిన ఉత్తర్వు డిసెంబర్ 7న అమల్లోకి రావాల్సి ఉంది. కోర్టులు ఆపకపోతే అప్పటి నుంచి జనవరి 20 దాకా 44 రోజులు. ఆ మధ్యలో గడువు తీరే ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) ఉన్నవాళ్లు ఇప్పుడే ఫైల్ చేయాలా, ఆగాలా అని లాయర్లను అడుగుతున్నారు. తర్వాత ఆ శాఖను నడిపేది ఎవరో తెలిస్తే, ఆ లాయర్ జవాబు మారుతుంది.