గుహ ఒక జిల్లాది, లోయ ఇంకో జిల్లాది, మధ్య దారి ఎవరిదీ కాదు

తాడిపత్రిని మధ్యలో పెట్టుకుని మ్యాప్ చూడండి. సుమారు 30 కిలోమీటర్లు పోతే బెలుం గుహలు. అక్కడి నుంచి జమ్మలమడుగు మీదుగా 60 చిల్లర కిలోమీటర్లు పోతే గండికోట. తాడిపత్రిలోనే పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం, ఊళ్లో చింతల వెంకటరమణస్వామి గుడి. పిల్లలూ పెద్దలూ కలిసి ఒక బండిలో బయల్దేరితే రెండు పగళ్లు, ఒక రాత్రిలో ఆయాసం లేకుండా చూసి రాగలిగిన యాత్ర ఇది. గుహ, లోయ, కోట, గుడి, నది ఇంత దగ్గర దగ్గరగా దొరికే చోట్లు చాలా తక్కువ. అయినా మన కుటుంబాలు వీటిని విడివిడిగానే చూస్తాయి. బెలుం చూసినవాళ్లలో చాలామంది గండికోట దాకా పోరు. గండికోటలో ఫొటోలు దిగినవాళ్లు తాడిపత్రి మీదుగానే వెళ్తూ కూడా గుడి ముందు బండి ఆపరు.

తప్పు జనానిది కాదు. పర్యాటకం అంటే మన దగ్గర స్పాట్‌ల లెక్క. ఒక్కో స్పాట్‌కి ఒక జిల్లా, ఒక ఆర్చి, ఒక టికెట్ కౌంటర్. రెండు స్పాట్‌ల మధ్య ఉన్న దారిని ఎవరూ పట్టించుకోరు. కానీ ఇంటిల్లిపాదీ చేసే ప్రయాణం బాగా సాగడమైనా, సగంలో విసుగెత్తి వెనక్కి తిరగడమైనా తేలేది ఆ మధ్య దారిలోనే.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక బెలుం నంద్యాల జిల్లాకు పోయింది. తాడిపత్రి అనంతపురంలో, గండికోట కడపలో మిగిలాయి. విడదీయకముందూ ఇవి మూడు జిల్లాలే, కాకపోతే మొదటిది కర్నూలు. ఏ జిల్లా వాళ్ల 'చూడదగ్గ ప్రదేశాల' జాబితా తీసినా అది సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. చరిత్ర అలా ఆగలేదు. గండికోటను ఏలిన పెమ్మసాని నాయకులే విజయనగర రాజుల కాలంలో తాడిపత్రి గుళ్లు కట్టించారు. బుగ్గ రామలింగేశ్వరాలయంలో సగంలో ఆగిపోయిన గోపురాల మీది శిల్పం చూసి, మర్నాడు గండికోటలో మాధవరాయస్వామి గుడి చూస్తే ఒకే వంశం చేయించిన పని కళ్లకు కడుతుంది. బుగ్గ గుడి పక్కన పారే పెన్నే కిందికి వచ్చి ఎర్రమల కొండలను కోసి గండికోట లోయను చేసింది. ఒకే నది, ఒకే పాలకులు. ఆ సంగతి చెప్పే బోర్డు ఈ దారిలో ఎక్కడా నాకు కనపడలేదు.

ఇక అసలు ప్రయాణం దగ్గరికి వద్దాం. సీమలో కుటుంబ యాత్ర చాలావరకు మొక్కుతో మొదలవుతుంది. మహానందిలోనో, అహోబిలంలోనో, కదిరిలోనో మొక్కు తీర్చుకోవాలి. ఎలాగూ బండి మాట్లాడుకున్నాం కదా అని దారిలో ఇంకో రెండు చోట్లు కలుపుతారు. బండి అంటే అద్దెకు తెచ్చిన తుఫానో, టెంపో ట్రావెలరో. డిక్కీలో పులిహోర, పెరుగన్నం డబ్బాలు, నీళ్ల క్యాన్, చాప. అవ్వా తాతా, చంటిపిల్ల, ఇంటర్ చదివే అమ్మాయి, డ్రైవర్‌తో కలిపి పది పన్నెండు మంది. ఈ బండిని దృష్టిలో పెట్టుకుని ఆలోచిస్తే మన ఏర్పాట్లు ఎక్కడ చెడ్డాయో తెలిసిపోతుంది.

మొదటిది బాత్రూమ్. దీన్ని చిన్న విషయంగా కొట్టిపారేసేవాళ్లు ఎప్పుడూ ఆడవాళ్లతో దూర ప్రయాణం చేసి ఉండరు. మా ఇళ్లలో ఆడవాళ్లు ప్రయాణం ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గిస్తారు. ఏప్రిల్ ఎండలో, కిటికీలోంచి వడగాలి కొడుతుంటే, చేతిలో సీసా ఉండి కూడా తాగరు. షుగర్ ఉన్న అత్తగారు ఎక్కడ ఆపమని అడగాలో తెలియక నోరు మూసుకుని కూర్చుంటుంది. పెట్రోల్ బంకుల్లో బాత్రూమ్, మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధన. హైవే మీద అది కొంతవరకు అమలవుతోంది. తాడిపత్రి, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు మధ్య రోడ్డు మీద మాత్రం తాళం వేసిన తలుపు దగ్గర తాళంచెవి కోసం వెతుక్కోవడం మామూలే. మగవాళ్లకు రోడ్డు పక్క కంపచెట్లు ఉన్నాయి. ఆడవాళ్లకు ఓర్పు ఉంది. "ఇంకెక్కడికీ వద్దు, ఇంటికి పోదాం పద" అని సాయంత్రం నాలుగింటికి వాళ్లు అంటే అది లోయ నచ్చక కాదు. అక్కడే యాత్ర ముగిసిపోతుంది. ఏ పర్యాటక నివేదికలోనూ ఆ మాట ఎక్కదు.

రెండోది నీడ. పిల్లలకు సెలవులు వచ్చేది ఎండాకాలంలో. గండికోటలో బండరాళ్లు కాలిపోతుండేదీ అప్పుడే. బెలుం గుహలో ఎండ తగలకపోయినా ఉక్కపోత మనిషిని తడిపేస్తుంది, పెద్దవాళ్లు మెట్లు ఎక్కి పైకి వచ్చేసరికి కూలబడతారు. ఈ ప్రాంతం చూడటానికి బాగుండేది దసరా నుంచి శివరాత్రి దాకా. దసరా, సంక్రాంతి సెలవులను దృష్టిలో పెట్టుకుని ఏర్పాట్లు చేస్తే సగం ఇబ్బంది తీరుతుంది. మిగతా సగానికి చెట్లు నాటాలి. బండి పక్కకు ఆపి చాప పరిచి, ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం తినడానికి నాలుగు వేపచెట్లు, కానుగ చెట్లు, ఒక కొళాయి, చెత్త వేయడానికి తొట్టి చాలు. చెట్టు నీడ మీద మన వాళ్లకున్న మోజు తెలియాలంటే కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూడాలి. ఐదెకరాలకు కాస్త తక్కువగా పరుచుకుని 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కిన ఆ చెట్టు కింద జనం గంటల తరబడి కూర్చుంటారు. వాళ్లను ఎవరూ తరమాల్సిన పని లేదు, ఆపాల్సిన పనీ లేదు.

రాత్రి బస సంగతి మూడోది. గండికోటలో పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, ప్రైవేటు వాళ్లు వేసే గుడారాలున్నాయి. గుడారాలు కుర్రకారుకు బాగుంటాయి. అవ్వనూ చంటిపిల్లనూ గుడారంలో పడుకోబెట్టమంటే ఎవరూ ఒప్పుకోరు. శని, ఆదివారాల్లో గదులు దొరకకపోతే రాత్రికి రాత్రే తిరుగు ప్రయాణం. లేపాక్షిలోనూ ఇదే కథ. వీరభద్రాలయం, ఏకశిలా నంది హైదరాబాద్-బెంగళూరు హైవేకి కాస్త ఎడంగా ఉండటం వల్ల బెంగళూరు కుటుంబాలు పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతాయి. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాక పేరు పెరిగింది. కానీ రాత్రి భోజనం, గది అద్దె, మర్నాడు పొద్దున టిఫిన్, అన్నీ బెంగళూరులోనే ఖర్చవుతాయి. మన ఊళ్లకు మిగిలేది పార్కింగ్ రుసుము, కొబ్బరిబోండాల అమ్మకం. ఉగ్గాణి, బజ్జీ చేసే హోటల్ నిలబడాలంటే జనం రాత్రి ఉండి పొద్దున లేవాలి. తాడిపత్రి లాంటి ఊళ్లో ఇంట్లో రెండు గదులు అద్దెకిచ్చే హోమ్‌స్టేలకు అనుమతి, శిక్షణ ఇస్తే ఆ డబ్బు నేరుగా ఇళ్లకే చేరుతుంది.

చూసిన చోట ఏం చూశామో చెప్పేవాళ్లు లేకపోవడం నన్ను అన్నిటికంటే బాధిస్తుంది. బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశారు. 1982-83లో గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపల తిరిగి కొలిచింది. 2002 నుంచి జనాన్ని అనుమతిస్తున్నారు, అదీ సుమారు కిలోమీటరున్నర దాకా. లోపల గైడ్ టార్చి వేసి కోటిలింగాలు చూపిస్తాడు, పాతాళగంగ చూపిస్తాడు, వేయిపడగలు, ఊడలమర్రి చూపిస్తాడు. పిల్లలు నోరు తెరిచి చూస్తారు. ఇవి ఎలా పుట్టాయన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరకదు. భూమిలోకి దిగిన నీళ్లు లక్షల ఏళ్లపాటు సున్నపురాయిని కరిగించుకుంటూ దారి చేసుకున్నాయి. కరిగిన సున్నం చుక్క చుక్కగా మళ్లీ పేరుకుని ఆ రూపాలు కట్టాయి. గుహ బయటికి వచ్చి బండెక్కితే కొలిమిగుండ్ల దగ్గర రోడ్డుకు రెండు పక్కలా నాపరాళ్ల గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు. అక్కడ తవ్వేదీ సున్నపురాయే. ఆ పిల్లల ఇంట్లో నేల మీద పరిచిన బండ కూడా అదే. ఈ ఒక్క మాట ఎవరైనా చెబితే పిల్లవాడు ఇంటికి పోయి నేలను కొత్తగా చూస్తాడు. గైడ్‌లను తప్పుపట్టను, వాళ్లకు ఎవరూ నేర్పలేదు. స్థానిక డిగ్రీ కాలేజీల్లో జియాలజీ, చరిత్ర చదివిన పిల్లలు పని లేక ఖాళీగా ఉన్నారు. వాళ్లకు నెల రోజుల శిక్షణ ఇస్తే చాలు.

యాగంటి సంగతీ అంతే. పెరుగుతోందని జనం నమ్మే నందిని చూడటానికి వచ్చే కుటుంబాలకు దగ్గర్లోని జ్వాలాపురం పేరు కూడా తెలీదు. సుమారు 74 వేల ఏళ్ల కింద సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరిన బూడిద సముద్రం దాటి వచ్చి అక్కడ పడింది. ఆ బూడిద పొరకు కిందా పైనా ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయి. ప్రపంచం నలుమూలల నుంచి పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చిన చోటు అది. పక్క ఊరి బడి పిల్లలను మాత్రం ఎవరూ తీసుకెళ్లి చూపించరు. ఆ బూడిదను తవ్వి అమ్ముకోవడం కూడా జరిగింది. ఒకసారి పోతే మళ్లీ తెచ్చుకోలేని వస్తువు అది.

డబ్బు లేదు కాబట్టి ఇవేవీ కుదరవని ఇకమీదట అనలేం. రాష్ట్రాలకు 50 ఏళ్ల గడువుతో వడ్డీలేని అప్పు ఇచ్చే కేంద్ర పథకం కింద 2024లో గండికోటకు రూ. 77.91 కోట్లు మంజూరయ్యాయి. మంచిదే, గండికోటకు అంతకంటే ఎక్కువ వచ్చినా సంతోషిస్తాను. నా భయం వేరు. ఆ డబ్బంతా కోట గోడల చుట్టుపక్కలే తిరిగి, లైట్లుగా, వ్యూ పాయింట్లుగా మారి ఆగిపోతుందేమో. దారిలో బాత్రూమ్‌కు తాళం అలాగే ఉంటే ఎంత అందమైన వ్యూ పాయింట్ కట్టినా నేను పైన చెప్పిన బండిలోని ఆడవాళ్లు అక్కడ గంట కంటే ఎక్కువ ఉండరు.

కారు, అద్దె బండి రెండూ అందని కుటుంబాలున్నాయి. వాళ్ల గురించి ఆలోచించడానికి ఇంతకంటే మంచి సమయం లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. తల్లీ కూతుళ్లు, అక్కాచెల్లెళ్లు మగతోడు కోసం చూడకుండా గుళ్లకు, చుట్టాల ఇళ్లకు పోతున్నారు. ఆదివారం పొద్దున తాడిపత్రి బస్టాండ్‌లో బయల్దేరి బెలుం, జమ్మలమడుగు, గండికోట చుట్టి సాయంత్రానికి వెనక్కి చేర్చే ఎక్స్‌ప్రెస్ ఒకటి వేస్తే బస్సు ఖాళీగా తిరుగుతుందని నేననుకోను. పండగలకూ తిరునాళ్లకూ ప్రత్యేక బస్సులు నడిపిన అనుభవం ఆర్టీసీకి దండిగా ఉంది.

నంద్యాల, అనంతపురం, కడప కలెక్టర్లు ముగ్గురూ ఒక పూట కూర్చుంటే తేలే పనులివి: ఆ బస్సుకు టైములు, దారిలో బాత్రూమ్‌లు ఎవరు కట్టాలి, కట్టాక రోజూ కడిగే మనిషికి జీతం ఏ జిల్లా పద్దులోంచి ఇవ్వాలి. కట్టడానికి నిధులు దొరుకుతున్నాయి. కడిగే మనిషి జీతం దగ్గరే ఎప్పుడూ ఫైలు ఆగుతోంది కాబట్టి, ముందు దాన్నే తేల్చమని అడుగుతున్నాను.