జరిమానా కంటే ముందు చెత్తబండి సంగతి చూడండి
తడి చెత్త వేరుచేయని ఇళ్లకు జరిమానా వేస్తేనే దారికొస్తారని ఒకరు రాశారు. నేనొప్పుకోను. మా వీధిలో అందరం ఏడాదిపాటు శ్రద్ధగా వేరుచేసి ఇచ్చాం. బండెక్కాక తడీ పొడీ ఒకే కుప్ప! అది కళ్లారా చూశాకే జనం మానేశారు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ఇళ్లవాళ్లను వేరుచేయమన్నాయి, విడివిడిగా తరలించే బాధ్యత పురపాలికల మీదా పెట్టాయి కదా.

మా పిన్ని మేడమీద కుండలోనే ఎరువు చేస్తుంది. కూరగాయ తొక్కలు, వాటిమీద ఎండుటాకులు, కాస్త పుల్లమజ్జిగ. రెండు మూడు నెలలకి కమ్మని మట్టి వాసన. ఆకులు తగ్గితే మాత్రం కంపు, పురుగులు. ఈ కిటుకు పురపాలిక వార్డు సిబ్బంది గడప దగ్గరికొచ్చి చూపించాలి. ఇక బండికిచ్చిన తడి చెత్తతో పురపాలిక చేసే ఎరువులో ఇంటికి రెండు కిలోలైనా తిరిగివ్వాలి, మేమిచ్చింది ఏమైందో మాకూ తెలుస్తుంది.